ఉరుగ్ గురించి నాన్నగారికి

యూట్రెక్ట్, నెదర్లాండ్స్,
మార్చి, ఆదివారం

నాన్నగారికి నమస్కారాలు.

అమ్మ మోకాలికి ఆ నూనె రాస్తున్నారా, సీసా మూత తియ్యకుండా అలమరాలోనే ఉందా? ఇక్కడ చలి ఇంకా వదల్లేదు. పిల్లాడికి జలుబు తగ్గింది. మొన్న ఫోన్‌లో "ఏం చదువుతున్నావమ్మా" అని మీరు అడిగితే, పొయ్యి మీద కూర మాడుతోందని ఏదో చెప్పి పెట్టేశాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

ఇక్కడ ఏటా పుస్తకాల వారం చేస్తారు. ఆ వారం కొంత డబ్బు పెట్టి డచ్ పుస్తకాలు కొంటే, ఆ ఏటికని ప్రత్యేకంగా ఒక రచయిత చేత రాయించిన చిన్న పుస్తకం ఊరికే ఇస్తారు. చాలా ఏళ్ళు చివరి ఆదివారం ఆ పుస్తకం చూపిస్తే రైల్లో టికెట్ కూడా అక్కర్లేకపోయేది! నేను చదివింది 1948లో అలా ఇచ్చిన నవలే. పేరు 'ఉరుగ్'. రాసింది హెల్లా హాస్సె. అప్పటికి ఆవిడకి ముప్ఫై ఏళ్ళు. పుట్టింది బటావియాలో, అంటే ఇప్పటి జకార్తాలో. తండ్రి అక్కడి డచ్ వలస ప్రభుత్వంలో ఉద్యోగి. 1938లో చదువు కోసం ఆమ్‌స్టర్‌డామ్ వచ్చింది. యుద్ధం, పెళ్ళి, 1947లో చిన్న కూతురు పోవడం, ఆ వెంటనే ఈ పుస్తకం. సరిగ్గా అప్పుడే డచ్ సైన్యం ఇండోనేషియా స్వాతంత్ర్యాన్ని ఒప్పుకోకుండా అక్కడ యుద్ధం చేస్తోంది. ఆ టైములో ఒక తెల్లవాడికీ జావా కుర్రాడికీ మధ్య స్నేహం గురించి రాసిన పుస్తకాన్ని పుస్తకాలు కొన్నవాళ్ళందరికీ పంచారంటే చూడండి.

నా కాపీ 2009 నాటిది. ఆ ఏడు దేశమంతా ఒకే పుస్తకం చదవాలని లైబ్రరీలు దీన్ని ఉచితంగా పంచాయి. అందుకే ఇళ్ళ ముందు పెట్టే చెక్క పుస్తకాల పెట్టెల్లో తరచుగా కనిపిస్తుంది. నాకు దొరికిన దాంట్లో ఎవరో పెన్సిల్‌తో అంచుల్లో ప్రశ్నార్థకాలు పెట్టారు, ముఖ్యంగా కథ చెప్పేవాడు "మేమిద్దరం" అన్న చోటల్లా. ఎవరో గానీ మంచి పాఠకులే.

కథ ఇదీ. జావాలో ఒక టీ తోట. మేనేజరు కొడుకు (కథ చెప్పేది ఇతనే), అక్కడ పనిచేసే దెప్పో అనే అతని కొడుకు ఉరుగ్, ఇద్దరూ ఒక్క ఈడు వాళ్ళు. "ఉరుగ్ నా స్నేహితుడిగా ఉండేవాడు" అన్న మాటతోనే పుస్తకం మొదలవుతుంది. ఒక రాత్రి తెల్ల దొరలు మందు కొట్టి, సరదాగా కొండల మధ్య చెరువుకి వెళ్దామని బయల్దేరతారు. మేనేజరు కొడుకుని కూడా తీసుకెళ్తారు. వాడు నీళ్ళలో పడతాడు. దెప్పో దూకుతాడు. పిల్లాడు బతుకుతాడు, దెప్పో పైకి రాడు. ఆ తర్వాత ఉరుగ్ చదువు ఖర్చు మేనేజరు భరిస్తాడు. అది దయా, బాకీ తీర్చుకోవడమా అన్నది హాస్సె తేల్చి చెప్పదు. ఉరుగ్ డాక్టరు చదువుకి వెళ్తాడు, రాజకీయాల్లో కలుస్తాడు. ఇతను ఇంజినీరింగ్‌కి హాలండ్ వస్తాడు. యుద్ధం తర్వాత తిరిగి వెళ్తే అదే చెరువు దగ్గర తుపాకీతో ఒకడు ఎదురు నిలబడతాడు. వాడు ఉరుగేనా కాదా అన్నది కూడా ఇతనికి తేలదు. అన్నేళ్ళు కలిసి పెరిగినవాణ్ణి గుర్తుపట్టలేకపోయాడు నాన్నా!

అందరూ మెచ్చుకున్నారని కాదు. జావాలో పెరిగిన త్యాలీ రోబిన్సన్ అనే రచయిత ఇది అక్కడి నిజం కాదని గట్టిగానే రాశాడు. నాకైతే ఈ పుస్తకం బలం అక్కడే ఉందనిపించింది. కథంతా తెల్లవాడే చెబుతాడు, ఉరుగ్ మనసులోకి మనకి దారి దొరకదు. చెప్పేవాడికీ దొరకలేదు కదా. అన్నేళ్ళు పక్కనే ఉన్నా అడగాలని తోచలేదు వాడికి.

హాస్సె ఇంకా చాలా రాసింది. 1992లో వచ్చిన టీ తోటల నవల మీకు నచ్చుతుంది. కెర్క్‌హోవెన్ అనే నిజమైన కుటుంబం దాచుకున్న ఉత్తరాలు, కాగితాలు ముందేసుకుని అల్లింది. తోట పచ్చబడుతున్న కొద్దీ ఆ ఇంటి ఇల్లాలు యెన్ని లోపల ఎండిపోతుంటుంది. నాకు మాత్రం అందులో తేయాకు వివరాలు కాస్త ఎక్కువయ్యాయి. మధ్యలో కొన్ని పేజీలు తిప్పేశాను. 2004లో డచ్ సాహిత్యంలో అన్నిటికంటే పెద్ద బహుమతి ఇచ్చారు. 2011లో పోయింది.

నాకు అంత దూరం అనిపించలేదు ఆ లోకం. మన బందరు రేవు నుంచి వీళ్ళ ఓడలు బట్టలు పట్టుకెళ్ళి ఆ దీవుల్లో మిరియాలకీ లవంగాలకీ మార్చుకున్నాయి కదా. కానీ అసలు సంగతి అది కాదు. చదువుతున్నంతసేపూ నాకు మీ చిన్నప్పటి స్నేహితుడు ఏసోబే గుర్తొచ్చాడు. కాలవలో ఈతలు, చేపలు, తాటి ముంజెలు, "వాడు నా ప్రాణం" అని మీరనే మాట, అన్నీ నాకు కంఠతా వచ్చు. మీరు చెప్పే కథల్లో ఏసోబు ఎప్పుడూ మన దొడ్లోనే ఉంటాడు. మీరు వాళ్ళ పేటకి వెళ్ళిన కథ ఒక్కటీ లేదు. ఈ నవల్లో దొర కొడుకైనా ఉరుగ్ వాళ్ళింట్లో దూరి, అక్కడే తిని తిరిగాడు. వాళ్ళ నాన్న మనింట్లో పాలేరుగా ఉన్నన్నాళ్ళూ ఏసోబు ఎక్కడ తినేవాడు నాన్నా? లోపలికి వచ్చేవాడా? ఆయనకి రైల్వేలో ఉద్యోగం వచ్చాక మీరిద్దరూ ఎప్పుడైనా కలుసుకున్నారా?

కోపం తెచ్చుకోకండి. తప్పు పట్టాలని కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడుగుతున్నాను. నానమ్మ ఉండగా అడిగే ధైర్యం నాకూ లేకపోయింది.

'ఉరుగ్' ఇంగ్లీషులో 'ది బ్లాక్ లేక్' అని దొరుకుతుంది. వచ్చే నెల మా ఆఫీసు అబ్బాయి విజయవాడ వస్తున్నాడు, అతనితో పంపిస్తాను. చిన్న పుస్తకమే, రెండు మధ్యాహ్నాల్లో అయిపోతుంది. చదివాక ఫోన్‌లో వద్దు, నాకు ఉత్తరమే రాయండి. ఫోన్‌లో అయితే మీరు మాట మార్చేస్తారు.

మీ చిన్నమ్మాయి