రైఫిల్ కుందా మార్చుకోవాలంటే ఎవరిని అడగాలి?

సంపాదకుల వారికి,

2023 అసెంబ్లీ ఎన్నికలకు ముందు నాబోటి లైసెన్సుదారులు తమ తుపాకులను పోలీసు స్టేషన్లలో అప్పగించవలసి వచ్చినప్పుడు, మా ఇంట్లోని .315 రైఫిల్‌ను బీరువాలోంచి తీసి గుడ్డలో చుడుతుండగా దాని చెక్క మీద వెంట్రుకంత పగులు ఒకటి నా కంటబడింది. వికారాబాదు వైపు మా పొలానికి కాపలాగా ఉంటుందని మా నాన్నగారు కొన్న తుపాకీ అది. డెబ్బై ఏళ్లు నిండినవారు గాని, ఒకే ఆయుధాన్ని ఇరవై ఐదేళ్లు ఉంచుకున్నవారు గాని దాన్ని వారసులకు బదిలీ చేసుకోవచ్చునని 2016 ఆయుధ నియమాల్లో ఉన్న వెసులుబాటు కింద అది నా పేరు మీదికి వచ్చింది. ఏళ్ల తరబడి నూనె తాగిన చెక్క నల్లబడి, మెత్తబడి, చివరికి గొట్టం వెనుక ఇనుము కూర్చునే చోట చీలింది. ఎన్నికలు ముగిసి తుపాకీ ఇంటికి వచ్చాక దానికి కొత్త చెక్క వేయించాలనుకున్నాను. ఇంత చిన్న పనికి ఎన్ని చిక్కులున్నాయో అప్పుడే తెలిసింది. నాలాగే తెలియక తప్పటడుగు వేసేవారు ఇంకా ఉంటారన్న ఉద్దేశంతో ఈ లేఖ రాస్తున్నాను.

తుపాకీ చెక్కభాగాన్ని మన ఊరి పాత మిస్త్రీలు కుందా అంటారు. పత్రికల వార్తల్లో తుపాకీ మడమ అని కనిపించేది దాని వెనుక కొస. మా రైఫిల్ పాత లీ-ఎన్‌ఫీల్డ్ తరహాది కాబట్టి దాని కుందా ఒకే చెక్క కాదు, రెండు ముక్కలు: భుజానికి ఆనే వెనుక ముక్క ఒకటి, గొట్టం కింద పరుచుకునే ముందు ముక్క ఒకటి. వెనుక ముక్కను ఒక పొడుగాటి బోల్టు లోపలి నుంచి పట్టి ఉంచుతుంది. మడమకు ఉన్న ఇత్తడి పలక మూత తెరిచి, లోపలి తోలు బిరడాను లాగేస్తే, అడుగున్నర లోతులో కాకపోయినా జానెడుకు తక్కువ కాని లోతులో దాని తల తగులుతుంది. బాలానగర్‌లో ముప్పై ఏళ్లు లేత్ మిషన్ల మధ్య గడిపిన నాకు ఒక బోల్టు విప్పడం లెక్కలోది కాదనిపించింది. పొడుగాటి స్క్రూడ్రైవరు దించి తిప్పాను. బోల్టు కదిలింది, దానితో పాటే ముందు చెక్కలో చిటుక్కుమని చప్పుడైంది. ఆ బోల్టు కొస చదరంగా ఉండి ముందు చెక్కలో బిగించిన చిన్న ఇనుప పలకలో కూర్చుని ఉంటుందనీ, ముందు చెక్కను విప్పిన తరువాతే దాన్ని తిప్పాలనీ, లేకుంటే ఆ పలక చెక్కను లోపలి నుంచే చీల్చేస్తుందనీ నాకు తరువాత తెలిసింది. ఒక పగులుతో మొదలైన పని రెండు పగుళ్లయింది. తప్పు పూర్తిగా నాదే.

ఆ తరువాత చేయబోయిన తప్పు దీనికన్నా పెద్దది. ముషీరాబాద్ వైపు కలప అడితిలో మంచి అక్రోటు చెక్క దొరుకుతుందని తెలుసుకుని, మాకు తలుపులూ మంచాలూ చేసిపెట్టిన వడ్రంగి దగ్గరకు వెళ్లి విషయం చెప్పాను. “రెండు రోజులు ఇక్కడ వదిలేసి పోండి సార్, పాతదాన్ని చూసి అచ్చుగుద్దినట్టు చేసిస్తా” అన్నాడతను. పనిమంతుడే, మాట తప్పే మనిషి కాదు. మరునాడు తుపాకీ తీసుకుని బయలుదేరేవాణ్ణే, కాని ఆ సాయంత్రం షూటింగ్ రేంజిలో నాకన్నా పదేళ్లు పెద్దవారైన ఒక మిత్రుడికి ఈ సంగతి చెప్పాను. ఆయన ముఖం మారిపోయింది. “తమ్ముడూ, ఒక్క రాత్రి అది అతని కొట్టులో ఉందంటే లైసెన్సు లేని మనిషి దగ్గర తుపాకీ ఉన్నట్టే లెక్క. నీ పగులు సంగతి దేవుడెరుగు, అతను జైలు పాలవుతాడు” అన్నారు.

ఆయన చెప్పింది అతిశయోక్తి కాదని 1959 నాటి ఆయుధ చట్టం తెరిచి చూస్తే అర్థమైంది. లైసెన్సు లేకుండా తుపాకీ దగ్గర ఉంచుకోవడాన్ని ఆ చట్టం 3వ సెక్షన్ నిషేధిస్తుంది. 2019 సవరణ తరువాత దానికి రెండేళ్లకు తగ్గకుండా ఐదేళ్ల వరకు శిక్ష ఉంది. మరమ్మతు కోసం లైసెన్సుదారు సమక్షంలో గాని, ఆయన రాతపూర్వక అనుమతితో గాని మరొకరు తుపాకీని తీసుకువెళ్లవచ్చునని అదే సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. అయితే అది తీసుకువెళ్లడానికి మాత్రమే. మరమ్మతు చేసేవారికి 5వ సెక్షన్ ప్రకారం ప్రత్యేకంగా లైసెన్సు ఉండాలి. తయారీ, అమ్మకం, మార్పిడి వంటి పనుల వరుసలోనే మరమ్మతును కూడా చేర్చి, లైసెన్సు లేకుండా ఎవరూ ఆ పని చేయరాదని ఆ సెక్షన్ చెబుతుంది. ఉల్లంఘిస్తే 2019 సవరణ తరువాత ఏడేళ్లకు తగ్గకుండా యావజ్జీవం దాకా శిక్ష పడవచ్చు. పొరుగూరికి దొంగతుపాకులు తయారుచేసి పంపేవాడికీ, తన తుపాకీకి తానే చెక్క బిగించుకునే ముసలాయనకూ ఆ సెక్షన్ పాఠంలో వేర్వేరు గీతలు లేవు. ఆచరణలో ఏ అధికారీ స్క్రూ బిగించినందుకు కేసు పెట్టడని అందరూ అంటారు. అలా అనేవాళ్లెవరూ ఆ మాట కాగితం మీద రాసివ్వరు.

మా మేనల్లుడు మరో దారి చూపించాడు. “మామయ్యా, చెక్క తుపాకీ కాదు కదా, అమెరికా సైటు నుంచి తెప్పిద్దాం, వీడియో చూసి పది నిమిషాల్లో బిగించేద్దాం” అని ఫోను నా ముందు పెట్టాడు. ఆ వీడియోలోని పెద్దమనిషి చెప్పినదాంట్లో అబద్ధమేమీ లేదు, అది ఆయన దేశానికి సంబంధించిన నిజం. అక్కడి కేంద్ర చట్టం దృష్టిలో తుపాకీ అంటే నంబరు కొట్టి ఉండే రిసీవరు అనే ఇనుప భాగం. చెక్కను ఇంటి సామాను కొన్నట్టే కొనుక్కోవచ్చు. అలాగని అక్కడా అంతా స్వేచ్ఛే కాదు. 1934 నాటి చట్టం ప్రకారం రైఫిల్ గొట్టం పదహారు అంగుళాల కన్నా, మొత్తం పొడవు ఇరవై ఆరు అంగుళాల కన్నా తగ్గితే దాని హోదాయే మారిపోతుంది, కాలిఫోర్నియా వంటి రాష్ట్రాల్లో కుందా ఆకారం మీదనే ఆంక్షలున్నాయి. ఇక మన చట్టం తుపాకీకి ఇచ్చిన నిర్వచనంలో తుపాకీ విడిభాగాలు కూడా కలిసే ఉన్నాయి. విదేశం నుంచి తెప్పించుకోవడానికి 10వ సెక్షన్ కింద మళ్లీ లైసెన్సు కావాలి. ఆ పార్సెల్ వస్తే శంషాబాద్ దాకా వస్తుందేమో గాని, మా ఇంటి దాకా రాదని మేనల్లుడికి నచ్చజెప్పడానికి నాకు పది నిమిషాలు కాదు, రెండు పూటలు పట్టింది.

కుందా మార్చాలనుకునే కొత్తవారు పొరపాటు పడే చోటు మరొకటి ఉంది. పాత రైఫిళ్లలో నంబరు ఇనుము మీదనే కాక కొన్నింటికి చెక్క మీద కూడా కొట్టి ఉంటుంది. పాత చెక్కనే నున్నగా చేసి వాడుకుందామని గరుకు కాగితంతో రుద్దేవాళ్లు ఆ అంకెలను కూడా రుద్దేస్తారు. తుపాకీ మీది పేరు, నంబరు, గుర్తు దేన్నీ చెరపరాదని 8వ సెక్షన్ చెబుతుంది. చెరిగిపోయిన గుర్తున్న తుపాకీ ఎవరి దగ్గర దొరికితే వారే చెరిపారని ముందుగా భావిస్తారు, కాదని రుజువు చేసుకోవడం మన నెత్తిన పడుతుంది. గొట్టం పొట్టి చేయడం సంగతి చెప్పనే అక్కరలేదు, అది నేరుగా 6వ సెక్షన్ కిందికి వస్తుంది. కొత్త చెక్కకు గొట్టం సరిపోలేదని ఇనుమును ఆకురాయితో ముట్టుకునే ఆలోచన ఉన్నవారు అక్కడే ఆగిపోవాలి.

చివరికి మరమ్మతు లైసెన్సు ఉన్న నగరంలోని ఒక తుపాకీ దుకాణానికి తుపాకీ, లైసెన్సు పుస్తకం రెండూ తీసుకుని నేనే వెళ్లాను. తూటాలు ఇంట్లోనే ఉంచాను. తుపాకీలో తూటా కూర్చునే గది ఖాళీగా ఉందని దుకాణదారు ఒకసారి, మిస్త్రీ ఒకసారి ఆ గదిని మూసే బోల్టు (కుందాను పట్టే బోల్టు కాదు) తెరిచి వేలు పెట్టి చూశాకే బల్ల మీద పెట్టనిచ్చారు. ఆ మిస్త్రీ పని చూశాక వీడియో పాఠాల మీద నాకు మిగిలిన కాస్త నమ్మకం కూడా పోయింది. దీపం మసిని నూనెలో కలిపి ఇనుముకు పలచగా పూసి, దాన్ని కొత్త చెక్కలో మెల్లగా నొక్కి తీస్తాడు. చెక్క ఎక్కడ ఎత్తుగా ఉందో అక్కడ నల్ల మచ్చ పడుతుంది, ఆ మచ్చ వరకే ఉలితో గీకుతాడు. మళ్లీ పూత, మళ్లీ నొక్కడం, మళ్లీ గీకడం. నేనున్న రెండు గంటల్లో నలభై సార్లయినా చేసి ఉంటాడు. తుపాకీ పేలినప్పుడు వెనక్కు తన్నే బలమంతా చెక్కలో రెండు చిన్న భుజాల మీద పడుతుందనీ, ఇనుము ఆ రెండింటికీ సమానంగా ఆనకపోతే ఎంత ఖరీదైన అక్రోటు అయినా పదో గుండుకే చీలుతుందనీ చెప్పాడు. మా పాత చెక్క చీలడానికి కారణం అదేనట. ఒక పక్క భుజం నూనెకు మెత్తబడి, బరువంతా రెండో పక్క మీద పడింది. వెనుక ముక్క పొడవు తేల్చడానికి నా మోచేతి మడతలో మడమ ఆనించి, చూపుడువేలు ట్రిగ్గరుకు అందుతుందో లేదో చూశాడు. పెద్దలకు మామూలుగా ఉండే పదమూడున్నర అంగుళాలు నాకు సరిపోయాయి.

బిల్లు మీద రైఫిల్ నంబరు, చేసిన పని, తేదీ రాయించుకున్నాను. పాత చెక్కలు రెండూ వెంట తెచ్చుకున్నాను. కొత్త చెక్క వేశాక గురి మారుతుంది. రేంజిలో నా మొదటి ఐదు గుండ్లు మునుపటి చోటికి అరచేయి వెడల్పున కుడికి పడ్డాయి, తుపాకీ మీద గురి చూసే సైటు మళ్లీ సరిచేసుకోవలసి వచ్చింది.

ఈ పని నేర్చుకోవాలన్న ఉత్సాహం ఉన్న యువకులను నేను నిరుత్సాహపరచడం లేదు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచాక ఆ క్రీడ పట్ల ఇక్కడ ఎంత ఆసక్తి పెరిగిందో రేంజిలో కళ్లారా చూస్తున్నాను. 4.5 మిల్లీమీటర్ల గొట్టం, ఇరవై జౌల్‌లకు మించని శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కరలేదు. కుందా విప్పడం, బిగించడం, స్క్రూలను తయారీదారు చెప్పినంత బిగువుకే తేవడం, గొట్టానికీ చెక్కకూ మధ్య కాగితం ముక్క జారుతోందా అని చూడడం వంటివన్నీ దాని మీదే నేర్చుకోవచ్చు. పోటీలకు వెళ్లేవారు కొత్త కుందాతో కలిపి తూకం ఐదున్నర కిలోలు దాటకుండా చూసుకోవాలి. అంతేగాని చేయి తిరిగింది కదా అని లోపలి స్ప్రింగు మార్చి శక్తి పెంచితే, అదే బొమ్మ లాంటి తుపాకీ లైసెన్సు కావలసిన ఆయుధమవుతుంది. మా మేనల్లుడు ఇప్పుడు ఆ ఎయిర్ రైఫిల్ దగ్గరే ఉన్నాడు, స్ప్రింగు జోలికి పోనని మాట ఇచ్చాడు.

నగరంలో లైసెన్సులిచ్చే పోలీసు కమిషనర్ గారికీ, జిల్లాల్లో కలెక్టర్లకూ మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. లైసెన్సు పుస్తకంతో పాటు తెలుగులోనూ ఉర్దూలోనూ ఒకే ఒక్క పేజీ ఇప్పించండి. తుడవడం, నూనె వేయడం, వదులైన స్క్రూ బిగించడం లైసెన్సుదారు స్వయంగా చేసుకోవచ్చునా, అదే కొలతల చెక్కను ఇనుము ముట్టకుండా మార్చుకోవచ్చునా, ఏ పనికి దుకాణానికే వెళ్లాలి, ఏ మార్పును ముందుగా కార్యాలయానికి తెలపాలి అన్నవి అందులో ఉంటే చాలు. మరమ్మతు లైసెన్సు ఉన్న దుకాణాల జాబితా దాని వెనుక పక్కన అచ్చు వేయవచ్చు. కొత్తగా లైసెన్సు కోరేవారికి ఎస్-1 ధ్రువపత్రం కోసం ఇచ్చే భద్రతా శిక్షణలో ఈ విషయానికి ఒక అరగంట కేటాయించడం కూడా కష్టమేమీ కాదు. లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది కాబట్టి, ఈ కాగితం ఇవ్వడానికి తదుపరి రెన్యువల్ దాకా ఆగితే చాలామందికి అది ఐదేళ్ల తరువాత గాని అందదు.

మా పాత కుందా ముక్కలు రెండింటినీ రైఫిల్ నంబరు రాసిన చీటీ కట్టి, దుకాణం బిల్లుతో కలిపి ట్రంకు పెట్టెలో ఉంచాను. వాటిని ఎంతకాలం దాచాలో, ఎవరికి అప్పగించాలో కూడా ఆ పేజీలో ఒక వాక్యం రాయిస్తే మేలు.

ఇట్లు,
ఒక లైసెన్సుదారు,
తార్నాక, హైదరాబాదు.