ఆ ఆకుల మీద నీళ్ళు చల్లకు

అమ్మలూ,

నువ్వు పంపిన ఫొటో పెద్దది చేసుకుని రెండుసార్లు చూశాను. ఆఫ్రికన్ వయొలెట్ పూలమొక్క ఆకుల మీద పాలిపోయిన ఉంగరాల్లా కనిపిస్తున్నవి తెగులు కాదు. చల్లటి నీళ్ళు పడ్డ మచ్చలు. వెచ్చటి ఆకు మీద చన్నీళ్ళు పడితే లోపల పచ్చదనం ఉండే కణాలు దెబ్బతింటాయి. ఆ మచ్చలు ఇక మానవు. అలాగని ఆకుల్ని తుంచెయ్యకు, మచ్చ ఉన్నా వాటి పని అవి చేస్తూనే ఉంటాయి.

ఆకులకు తేమ కావాలని రోజూ స్ప్రే కొడుతున్నానన్నావు కదా, అది ఇవాళే మానెయ్. నున్నటి ఆకు మీద పడ్డ నీళ్ళు జారిపోతాయి. దీనిలా నూగు ఉన్న ఆకు మీద బొట్టు అక్కడే చిక్కుకుంటుంది. అది మొవ్వులో నిలిచిందంటే మొక్క నడిమి నుంచి కుళ్ళడం మొదలవుతుంది. గదిలో గాలి మరీ పొడిగా ఉంటే పళ్ళెంలో గులకరాళ్ళు పరిచి, అవి మునగకుండా నీళ్ళు పోసి, పైన కుండీ పెట్టు.

పైమట్టి వేలికి పొడిగా తగిలినప్పుడే నీళ్ళు పెట్టాలి. గోరువెచ్చటి నీళ్ళు పళ్ళెంలో పోసి కుండీని అందులో ఉంచు. అడుగు చిల్లుల్లోంచి అదే పీల్చుకుంటుంది. అరగంటయ్యాక మిగిలినవి తప్పకుండా పారబొయ్యి. దుమ్ము పడితే తడిగుడ్డ వద్దు, మెత్తటి కుంచెతో తొడిమ వైపు నుంచి కొస వైపుకి నెమ్మదిగా దులుపు.

నా మొదటి మొక్కని నేనే చంపుకున్నాను. ఆకులు వాలినప్పుడల్లా దాహమేస్తోందనుకుని నీళ్ళు పోశాను. మట్టి తడిగా ఉండగానే ఆకులు వాలితే వేళ్ళు కుళ్ళుతున్నాయని అర్థం, అది అప్పుడు నాకు తెలీదు. కుండీలోంచి తీసి చూస్తే వేళ్ళన్నీ గోధుమరంగులో మెత్తబడిపోయాయి. చాలా బాధపడ్డాను. గట్టిగా మిగిలిన ఒక్క ఆకుని మూడు సెంటీమీటర్ల తొడిమతో ఏటవాలుగా కోసి, తడి కొబ్బరిపొట్టులో గుచ్చాను. మూడో నెలలో దాని మొదట్లో చెవికమ్మలంత పిల్లలు లేచాయి. నీ కిటికీలో ఉన్నది ఆ ఆకు సంతానమే.

ఎండ సంగతి. దీని పుట్టిల్లు ఇప్పటి టాంజానియాలోని ఉసాంబరా కొండలు. అడవి నీడలో, నాచుపట్టిన రాళ్ళ మీద పెరుగుతుంది. అందుకే దీనికి వెలుతురు పుష్కలంగా కావాలి, నడినెత్తి ఎండ మాత్రం పనికిరాదు. తూర్పు కిటికీ అయితే చాలా మంచిది. తొడిమలు సాగి ఆకులు పైకి లేస్తుంటే వెలుతురు చాలట్లేదని తెలుసుకో. 1892లో ఆ కొండల దగ్గర పనిచేసిన వాల్టర్ ఫాన్ సెయింట్ పాల్ అనే జర్మన్ అధికారి దీన్ని స్వదేశంలో ఉన్న తండ్రికి పంపించాడట. ఈ మొక్క ఇళ్ళలోకి వచ్చిన కథ అక్కడే మొదలైంది. ఇది చదివినప్పుడల్లా నువ్వే గుర్తొస్తావు. అక్కడ కొడుకు తండ్రికి పంపాడు, మనింట్లో తండ్రి కూతురికిచ్చాడు.

కుండీ పెద్దది కొనకు, ఇరుకుగా ఉంటేనే పూస్తుంది. ఆకుల సందుల్లో దూదిలాంటిది కనబడితే అది పిండినల్లి అనే పురుగు, వెంటనే ఫోన్ చెయ్యి.

ఈ ఆదివారం మచ్చలేని ఆకొకటి కోసి నేను చెప్పినట్టు గుచ్చిపెట్టు. పెద్ద మొక్కకి ఏమైనా అయినా ఈ వంశం నీ దగ్గర ఆగకూడదు. పిల్లలు లేచిన రోజు ఫొటో పంపు.

నాన్న