దోమ పాటని పాఠం కిందే లెక్కేయండి – పాఠశాల విద్యాశాఖ డైరెక్టర్ గారికి బహిరంగ లేఖ

డైరెక్టర్ గారికి నమస్కారం.

నేను తెలంగాణలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెప్తాను. సర్వీసు పద్దెనిమిదేళ్లు దాటింది. ఇన్నేళ్లలో మీ ఆఫీసుకి ఒక్క అర్జీ కూడా పెట్టుకోలేదు, బదిలీ కోసం కూడా. ఇదీ నా కోసం కాదు. పోయినేడాది తనిఖీకి వచ్చిన ఒక అధికారి మా బడి రిజిస్టర్లో రాసిపోయిన ఒక వాక్యం అప్పటినుంచి నా బుర్రలో తిరుగుతూనే ఉంది. అదేంటో మీకు చెప్పి, ఒక్క చిన్న ఉత్తర్వు అడుగుదామని రాస్తున్నాను. ఆ వాక్యం ఇది: "బోధనా సమయంలో సాంస్కృతిక కార్యక్రమం రిహార్సల్ చేయిస్తున్నారు. సరికాదు."

ఆయన వచ్చినప్పుడు గదిలో ఏం జరుగుతోందో చెప్తాను. బెంచీలు గోడకి జరిపి ఉన్నాయి. ఒక పిల్లాడు మధ్యలో కాళ్లు బారజాపి, రెండు చేతులూ చాపి కూర్చున్నాడు. వాడి వెనక నలుగురు దాక్కుని ఉన్నారు. చుట్టూ ఉన్న పిల్లలంతా చప్పట్లు కొడుతూ "ఒకటో రోజు... రెండో రోజు..." అని రాగం తీస్తున్నారు. మధ్యమధ్యలో కూర్చున్నవాడు "ఇంకా టైమ్ గాలే" అంటున్నాడు. అంతే. బయటినుంచి చూసినవాళ్లకి ఇది ఆటలాగే కనిపిస్తుంది, ఆ అధికారిని నేను తప్పుపట్టను. కానీ ఆ కూర్చున్నవాడు కాలేయం. వెనక దాక్కున్న నలుగురూ ప్లాస్మోడియం, అంటే మలేరియా తెచ్చే పరాన్నజీవి. దోమ కుట్టిన వెంటనే జ్వరం రాదు, పరాన్నజీవి ముందు కాలేయంలోకి పోయి అక్కడ పెరిగి ఆ తర్వాతే ఎర్ర రక్తకణాల మీద పడుతుంది, అందుకే జ్వరం రావడానికి పది పదిహేను రోజులు పట్టొచ్చు అనే సంగతి ఎనిమిదో తరగతి పిల్లలు అక్కడ నేర్చుకుంటున్నారు. ఆయన ఒక్కసారి అడిగి ఉంటే ఆ గదిలో ఎవరైనా చెప్పేవాళ్లు. అడగలేదు, సంతకం పెట్టి వెళ్లారు.

ఈ దోమ నాటకం మొదలవడానికి కారణం మన రాష్ట్రమే. మలేరియా పరాన్నజీవి దోమ కడుపులో ఉంటుందని రోనాల్డ్ రాస్ కనిపెట్టింది సికింద్రాబాదులో, 1897 ఆగస్టు 20న. ఆ పనికే 1902లో నోబెల్ వచ్చింది. ఏటా ఆగస్టు 20ని ప్రపంచమంతా దోమల దినంగా గుర్తు చేసుకుంటుంది. ఇక్కడికి వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో జరిగిన సంగతి మా పిల్లల్లో ఒక్కరికీ తెలియదు, నిజం చెప్పాలంటే ఉద్యోగంలో చేరేనాటికి నాకూ తెలియదు. రాస్ కథలో నాటకానికి కావాల్సినవన్నీ ఉన్నాయి. మైక్రోస్కోపు ముందు చెమటలు కక్కుతున్న డాక్టరు. మలేరియాతో ఉన్న హుసేన్ ఖాన్ అనే రోగి, తనని కుట్టనిచ్చిన దోమకి అణా చొప్పున పుచ్చుకున్నవాడు. పైగా రాస్ కవిత్వం రాసేవాడు, కనిపెట్టిన ఆనందంలో ఒక పద్యం కూడా రాసుకున్నాడు. సైంటిస్టే పద్యం రాసుకుంటే నేను పాట కట్టిస్తే తప్పేంటి అనిపించింది.

హుసేన్ ఖాన్ దగ్గర మా క్లాసు ఒక రోజంతా ఆగిపోయింది. "అణా ఇచ్చి దోమలతోని కుట్టిచ్చుడు తప్పు గాదా సార్?" అని ఒకమ్మాయి అడిగింది. ఆయనకి అప్పటికే మలేరియా ఉంది కదా అని ఒకరు, అయితే మందు ఇయ్యాలె గని దోమలనెట్ల ఇడుస్తరు అని ఇంకొకరు. నా దగ్గర సిద్ధంగా జవాబు లేదు. వాళ్లే ఒక సీను రాసుకున్నారు, అందులో హుసేన్ ఖాన్ అణాలు లెక్కపెట్టుకుంటూ "సాబ్, నా పేరు గూడ రాసుకుంటవా?" అని అడుగుతాడు, రాస్ జవాబు చెప్పకుండా మైక్రోస్కోపులోకి చూస్తుంటాడు. పదమూడేళ్ల పిల్లలు రాసిన సీను అండీ ఇది. సైన్సు పుస్తకంలో ఈ ప్రశ్నకి చోటు లేదు.

పాట సంగతికి వస్తాను. మొదట నేనే రాశాను, ఘోరంగా వచ్చింది. "సంక్రమణ", "వాహకం" లాంటి మాటలు కుక్కి కుక్కి రాశాను, పిల్లల నోట్లో ఒక్క చరణం తిరగలేదు. మా ఊళ్లో ఒగ్గు కథ చెప్పే ఒక పెద్దాయన ఉన్నారు. కొమురవెల్లి మల్లన్న జాతర సంక్రాంతి నుంచి ఉగాది దాకా కదా, ఆ రోజుల్లో ఈ కళాకారులు దొరకరు, వానాకాలం మాత్రం తీరిక. ఆగస్టులో బతిమాలి బడికి తీసుకొచ్చాను. నా పాట విని ఆయన అన్న మాట: "సారూ, దోమకు గింత పొడుగు మాటలెందుకు? దోమ గుయ్యిమంటది, గంతే." గుయ్యిమనే చప్పుడుతోనే మొదలుపెట్టించారు. డోలు ఒకటి, తాళాలు ఒక జత, అంతే సామాను. ఒగ్గు కథలో ఒక గొప్ప సుళువు ఉంది, దాన్ని ఆయన దగ్గరే చూశాను: వేషం మార్చడానికి తెర వెనక్కి పోనక్కర్లేదు, భుజం మీది తువ్వాల నెత్తిన వేసుకుంటే రాణి, నడుముకి కట్టుకుంటే బంటు. మా నాటకానికి అయిన ఖర్చు మొత్తం తువ్వాలలే. ఎర్ర తువ్వాల వేసుకుంటే రక్తకణం, తీసేస్తే ప్లాస్మోడియం.

ఎనాఫిలిస్, క్యూలెక్స్ అనే రెండు రకాల దోమల తేడాలు మా పిల్లలు ఏటా తారుమారు చేస్తారు. రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి పది మార్లు చెప్పినా పరీక్షలో అంతే. అందుకని ఆ పెద్దాయన కట్టించిన వరసలో పిల్లలు ఇలా అల్లుకున్నారు:

తల కిందికి, తోక మీదికి, గోడ మీద వాలితి –
గుర్తు పట్టు పిలగా నన్ను, ఎనాఫిలిస్ నేనే!
అరుగు మీద తాతలెక్క, సాపుగ, సుఖముగ –
పండుకుంటి చూడు నేను, క్యూలెక్స్ నేనే!

పాడుతూ ఒళ్లు వంచి చూపించాలి. గోడకి చేతులానించి నడుము పైకెత్తిన పిల్లలు ఒక పక్క, సాపుగా వంగినవాళ్లు ఇంకో పక్క. అప్పుడే ఒకడికి పెద్ద డౌటొచ్చింది, లార్వా దశలో ఇది తిరగబడుతుందని పుస్తకంలో ఉంది కదా, నీళ్లలో ఎనాఫిలిస్ లార్వా సాపుగా ఉంటుంది, క్యూలెక్స్ లార్వా తల కిందులుగా వేలాడుతుంది, మరి మనం చేస్తున్నది తప్పా అని. అది తప్పు కాదని తేల్చుకోవడానికి వాళ్లు పాఠం మళ్లీ చదివారు. నేను చదవమనలేదు. ఆ ప్రశ్న నాకు పద్దెనిమిదేళ్లలో బ్లాక్‌బోర్డు ముందు ఒక్కసారి రాలేదు.

ఇక మగ దోమ. మగ దోమ కుట్టదు, మొక్కల రసం తాగి బతుకుతుంది. ఆ వేషానికి మొదట ఎవరూ ముందుకు రాలేదు, కుట్టని దోమ ఏం దోమ అని.

అంతా బాగుందని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను. పాటతో ప్రమాదం కూడా ఉంది. మొదటి ఏడాది మేం కట్టిన పాటలో ప్రాస కుదిరిందని "కుట్టెనమ్మా దోమ, పట్టెనమ్మా జ్వరము" అని ఉంచేశాం. బాగా పాడారు, బాగా గుర్తుంది. పరీక్షలో సగం మంది "దోమ కుట్టిన వెంటనే జ్వరం వచ్చును" అని రాశారు. తప్పు చెప్పిన పాఠాన్ని పిల్లలు మర్చిపోతారు, తప్పు చెప్పిన పాటని మర్చిపోరు. మళ్లీ దాన్ని వాళ్ల బుర్రలోంచి తీయడానికే ఆ కాలేయం సీను పెట్టాల్సి వచ్చింది, మీ అధికారి చూసింది ఆ సవరణనే. కాబట్టి పాట ఎవరు కట్టినా, ఎంత బాగున్నా, సబ్జెక్టు టీచరు ప్రతి మాటా సరిచూసి తీరాలి. మా లెక్కల మాస్టారు కూడా ఉత్సాహపడి బీజగణితం సూత్రాలకి వరస కట్టించారు. పిల్లలు సూత్రం కోయిలల్లా పాడతారు, లెక్క ఇస్తే ఎక్కడ వాడాలో తెలియదు. ఆయనే మానేశారు. అన్ని పాఠాలూ నాటకానికి లొంగవు. ఏదైనా ఒకటి ఇంకొకటిగా మారేది, ఎక్కడినుంచో ఎక్కడికో పోయేది, ఎవరో ఎవరితోనో గొడవపడేది ఉంటే నాటకం పనికొస్తుంది. దోమ, జీర్ణవ్యవస్థ, నీటి చక్రం, రజాకార్ల నాటి పల్లె, గ్రామసభ, ఇవన్నీ ఒప్పుకుంటాయి. ఆవర్తన పట్టిక మాత్రం ఏం చేసినా మా దగ్గర నడవలేదు.

ఇప్పుడు మీ ఆఫీసు సంగతి. 2020 జాతీయ విద్యా విధానం కళలతో కలిపి పాఠం చెప్పమంటుంది. సీబీఎస్ఈ అయితే 2020–21 నుంచి ప్రతి సబ్జెక్టులో కళతో ముడిపడ్డ ప్రాజెక్టు ఒకటి ఉండాల్సిందేనంది. మన దగ్గర ఆ మాట ట్రైనింగుల్లో వినిపిస్తుంది, మార్కుల రిజిస్టర్లో కనిపించదు. కళా సాంస్కృతిక విద్య ఒక గడిలో ఉంటుంది, జీవశాస్త్రం ఇంకో గడిలో ఉంటుంది, రెండింటి మధ్యా గోడ. నా పిల్లలు మూడు వారాలు చదివి, వాదించుకుని, రాసి, పాడి, ఆడి చూపించినదాన్ని ఫార్మేటివ్ పరీక్షల కింద ప్రాజెక్టు పని అని వేద్దామంటే "రాత రికార్డు ఏది?" అంటారు. జిరాక్స్ షాపులో ముప్పై రూపాయలిస్తే దోమ ప్రాజెక్టు ప్రింటు తీసి స్పైరల్ బైండింగ్ చేసి ఇస్తారు, దానికి ఫుల్ మార్కులు పడతాయి. ఆ పిల్లాడు దాన్ని తెరిచి కూడా చూసి ఉండడు, ఆ సంగతి మనందరికీ తెలుసు.

ఇది కొత్త వింత కూడా కాదు. కందుకూరి వీరేశలింగం గారు 1880లో రాజమహేంద్రవరంలో తన విద్యార్థుల చేత నాటకం వేయించారు, తెలుగులో ఆధునిక నాటక ప్రదర్శన అక్కణ్నుంచే మొదలైందంటారు. అంటే మన నాటకరంగం పుట్టిందే ఒక పంతులు గారి దగ్గర. 1990ల మొదట్లో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమంలో ఊరూరా కళాజాతాలు తిప్పింది ప్రభుత్వమే. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు సారా అంగడి మీదికి కదిలారు, అది రాష్ట్రమంతా పాకింది. పెద్దవాళ్లకి చదువు చెప్పడానికి పనికొచ్చిన డప్పు చిన్నపిల్లల క్లాసులోకి రాగానే టైమ్ వేస్టు ఎలా అయిందో నాకైతే అర్థం కాదు.

నేను అడిగేది ఒక్క పేజీ ఉత్తర్వు. అందులో ఈ మాట ఉంటే చాలు: పిల్లలు తామే రాసి ఆడిన పాఠ్యాంశ నాటకాన్ని ఆ సబ్జెక్టులో ప్రాజెక్టు పనిగా లెక్కించవచ్చు, దాని సాధన పీరియడ్లలో జరిగితే అది బోధనా సమయమే. వాళ్ల చేతిరాతలో ఉన్న పాట, సంభాషణల కాగితాలే రికార్డు. మాసిపోయి, కొట్టివేతలతో, టీ మరకలతో ఉంటాయి, అట్లాగే ఒప్పుకోండి.

రెండో సంగతి డబ్బుకి సంబంధించింది, కానీ కొత్త డబ్బు కాదు. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో, 6 నుంచి 8 తరగతుల్లో వందమందికి పైబడి పిల్లలున్న బడికి కళా విద్య కోసం పార్ట్‌టైమ్ బోధకుణ్ని ఇవ్వాలని రాసి ఉంది. మా బడికి ఆ లెక్క సరిపోతుంది, బోధకుడు మాత్రం రాలేదు. డిగ్రీ ఉన్నవాళ్లు దొరకలేదంటే మా ఒగ్గు పెద్దాయన లాంటివాళ్లకి రోజుకింత అని ఇచ్చి వానాకాలం నాలుగు నెలలు పిలవనివ్వండి. ఆయన మాకు పదకొండు రోజులు వచ్చారు, మేం ముగ్గురు టీచర్లం తలా ఇంత వేసుకుని ఇచ్చాం, తీసుకోనంటే జేబులో పెట్టి పంపాం. అలాగే రాష్ట్ర ప్రభుత్వ సాంస్కృతిక సారథి కళాకారులు పథకాల మీద పాటలు పాడుతూ ఊళ్లు తిరుగుతున్నారు కదా, వాళ్లని నెలకొక రోజు బడికి పంపించండి. పథకాల పాటలు పాడటానికి మాత్రం వద్దు, పిల్లలు రాసుకున్న మాటలకి వరస కుదర్చడానికి.

ఇంకొక్క భయం ఉంది, అది కూడా చెప్పేస్తాను. మీకు ఈ ఆలోచన నచ్చిందనుకోండి. వెంటనే హైదరాబాదులో కూర్చుని ఒక దోమ నాటకం రాయించి, వీడియో తీసి, రాష్ట్రంలో అన్ని బడులకీ వాట్సాప్‌లో పంపి, ఫలానా తేదీలోపు ఆడించి ఫొటోలు అప్‌లోడ్ చేయండి అని ఆదేశం వస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. ఆ రోజు నుంచి అది ఇంకో యాప్, ఇంకో టెన్షన్ అవుతుంది, మేమే మొదట తిట్టుకుంటాం. మండల స్థాయి, జిల్లా స్థాయి పోటీలు కూడా వద్దు. పోటీ అనగానే బాగా పాడే నలుగురే మిగులుతారు, కాలేయం వేషం వేసిన పిల్లాడిలాంటివాళ్లు ప్రేక్షకుల్లోకి పోతారు. వాడు క్లాసులో అంతవరకు నోరు విప్పినవాడు కాదు. వాడికి ఉన్నది ఒకటే డైలాగు, అది వాడే పెట్టుకున్నాడు.

ఈ ఆగస్టు 20కి మళ్లీ వేస్తున్నాం. కొత్త బ్యాచి. ఈసారి మగ దోమ వేషానికి ముగ్గురు పోటీ పడుతున్నారు, రక్తం తాగడానికి పిలిచిన ఆడ దోమలతో "నాకద్దు, పుదీన రసం ఉన్నదా?" అనే డైలాగు ఎవరో కలిపారట, దాని కోసం. మీకు వీలైతే రండి. స్టేజీ వేయం, మైకు పెట్టం, శాలువాలు ఉండవు. ఎనిమిదో తరగతి గది, రెండో పీరియడు. వెనక బెంచీలో చోటు ఉంచుతాం. చూశాక మీకు నచ్చిన పిల్లల్ని పిలిచి ఎనాఫిలిస్ ఎలా వాలుతుందో, జ్వరం ఎన్ని రోజులకి వస్తుందో అడగండి. ఆ తర్వాత రిజిస్టర్లో మీరే ఒక వాక్యం రాయండి, అది ఏదైనా సరే.

ఇట్లు,
ఒక ప్రభుత్వ బడి జీవశాస్త్రం టీచరు