ఆ మూడు వారాల పాప బతికి ఉంటే

హనుమకొండ,
ఆదివారం

చి. చిన్నికి నాన్న ఆశీర్వదించి రాయునది.

మొన్న ఫోనులో నువ్వు అడిగిన ప్రశ్నకు నేను తప్పు జవాబు చెప్పాను. క్రాకోవ్‌లో వావెల్ కొండ మీద కెథడ్రల్ చూసి వచ్చానన్నావు. తెల్ల పాలరాతి సమాధిలో ఉన్న ఆ పోలండ్ రాణి యాద్విగా పాతికేళ్లకే పోయిందనీ, ఆమె కంటే నాలుగు రోజుల ముందే పురిటిబిడ్డ పోయిందనీ చెప్పి, "ఆ పాప బతికి ఉంటే ఏమయ్యేది నాన్నా?" అన్నావు. నేను అప్పుడు కూరగాయల సంచీతో మెట్లెక్కుతున్నాను. "ఏముంది, తల్లి తర్వాత ఆ పాపే రాణి అయ్యేది, పోలండ్‌కీ లిథువేనియాకీ బంధం ఇంకా గట్టిపడేది" అని ఒక్క ముక్కలో తేల్చేశాను. ముప్పై ఏళ్లు సాంఘికశాస్త్రం చెప్పినవాడికి అంత తొందర తగదు. వారం రోజులుగా అదే ఆలోచన. ఇప్పుడు నాకు సరిగ్గా తలకిందులుగా తోస్తోంది. ఆ పాప బతికి ఉంటే ఆ రెండు రాజ్యాలూ ఎవరి దారి వాళ్లు చూసుకునేవేమో.

ముందు తల్లి సంగతి చెప్పాలి. యాద్విగాను నువ్వు రాణి అంటున్నావు గానీ, 1384 అక్టోబరు 16న వావెల్‌లో ఆమెకు కిరీటం పెట్టింది 'రాజు'గా. అప్పటికి పదేళ్ల పిల్ల. ఓరుగల్లు కోట పక్కన పెరిగినదానివి, నీకిది వింతగా ఉండకూడదు. మన రుద్రమదేవి శాసనాల్లో రుద్రదేవ మహారాజు అయినట్టే ఇదీను. తేడా ఏమిటంటే, యాద్విగాకు నాలుగైదేళ్ల వయసులోనే, 1378లో, ఆస్ట్రియా రాకుమారుడు విల్హెల్మ్‌తో సంబంధం ఖాయం చేశారు. మాట తప్పితే 2 లక్షల ఫ్లోరిన్ల (బంగారు నాణేలు) జరిమానా అని కూడా రాసుకున్నారు. తండ్రి లూయీ హంగరీకీ పోలండ్‌కీ రాజు, కొడుకులు లేరు. కూతురికి పోలండ్ గద్దె దక్కాలని 1374లో అక్కడి ప్రభువులకు పన్నులు తగ్గించి ఒప్పించాడు. ఆ తగ్గింపు గుర్తుపెట్టుకో, మళ్లీ పని పడుతుంది.

పోలండ్ ప్రభువులకు ఆస్ట్రియా అల్లుడు నచ్చలేదు. లిథువేనియా మహాప్రభువు యొగైలా మీద వాళ్ల చూపు పడింది. ఆయన పిల్లకంటే చాలా పెద్దవాడు, అప్పటికి క్రైస్తవుడు కూడా కాడు. 1385 ఆగస్టు 14న క్రెవోలో ఆయన రాయించి ఇచ్చిన పత్రంలో బాప్తిస్మం తీసుకుంటాననీ, తన దేశాలను పోలండ్ కిరీటానికి జతచేస్తాననీ ఉంది. విల్హెల్మ్‌కు ఇవ్వవలసిన 2 లక్షలూ తానే కడతాననీ ఉంది. చూశావా, ఎదురుకట్నం! క్రాకోవ్ దాకా వచ్చిన విల్హెల్మ్‌ను కోటలోకి రానివ్వకపోతే యాద్విగా గొడ్డలి తీసుకుని తలుపు మీద పడిందని యాన్ ద్వుగోష్ రాశాడు. ఆ చరిత్రకారుడు పుట్టిందే ఆ తర్వాత ముప్పై ఏళ్లకు, కాబట్టి గొడ్డలి మీద నా నమ్మకం సగమే. 1386 ఫిబ్రవరి 15న యొగైలాకు బాప్తిస్మం, 18న పెళ్లి, మార్చి 4న పట్టాభిషేకం. మీ ఊళ్లో ఆయన్ని యగయెవో అంటారని తెలుసు, నా ఉచ్చారణ సరిదిద్దకు.

అసలు కీలకం ఇక్కడుంది. పోలండ్‌లో యొగైలా ఇల్లరికపు అల్లుడు. కిరీటం ఉంది, రక్తం లేదు. పాత పోలండ్ రాజు వ్వాదిస్వావ్ వొకియెతెక్‌కు మునిమనుమరాలు యాద్విగా, హక్కంతా ఆమెది. లిథువేనియాలో అంతా తిరగబడుతుంది. అక్కడ ఆయన ఏలుతున్న గెదిమినాస్ వంశం వాడు, భార్య పరాయిది.

పెళ్లయిన పదమూడేళ్లకు, 1399 జూన్ 22న, పాప పుట్టింది. ఎలిజబెత్ బొనిఫాసియా అని పేరు. రెండో పేరు పోప్ తొమ్మిదో బొనిఫేస్‌ది. జూలై 13న పాప, 17న తల్లి. ఇల్లరికపు అల్లుడికి భార్యా బిడ్డా లేకుండా పోయారు. ఇక అత్తవారింట్లో ఏ హోదాతో ఉండాలి? అందుకే 1402లో పాత రాజు కాజిమిర్ మనుమరాలు అన్నాను చేసుకున్నాడు. ఆమెకు 1408లో ఒక్క కూతురు పుట్టింది, ఆ పిల్లకూ యాద్విగా అనే పేరు. మూడో భార్యకు పిల్లలు లేరు. 1422లో, అరవై దాటాక, సోఫియా అనే చిన్న అమ్మాయిని నాలుగో పెళ్లి చేసుకున్నాడు. అప్పటికి గానీ కొడుకులు పుట్టలేదు. 1424లో వ్వాదిస్వావ్, 1427లో కాజిమిర్ (మధ్యలో పుట్టిన పిల్లవాడు దక్కలేదు).

ఆ పిల్లల్లో పాత పోలండ్ రాజుల రక్తం చుక్క లేదు. వాళ్ల తండ్రికి అంతకంటే బలహీనమైన స్థితి ఉండదు, ప్రభువులకు అంతకంటే మంచి అదను రాదు. మీ పిల్లవాణ్ణి రాజుగా ఒప్పుకుంటాం, ముందు మా హక్కుల మీద సంతకం పెట్టు అన్నారు. 1425లో బేరం మొదలైంది. 1426లో వెంచిత్సా సభలో రాజు కొత్త హక్కులకు ఒప్పుకోకపోతే, అతని కళ్ల ముందే ఒప్పందపు పత్రాన్ని కత్తులతో ముక్కలు చేశారు. చివరికి 1430లో, విచారణ లేకుండా భూమి ఉన్న ప్రభువుల్ని ఎవరినీ బంధించనని రాసివ్వక తప్పలేదు. కూతురి కోసం లూయీ పన్ను తగ్గించినట్టే, కొడుకు కోసం యొగైలా ఖైదు వదులుకున్నాడు. ముందు ముందు పోలండ్ రాజును జనం ఎన్నుకునే పద్ధతి, అదీ ప్రభువుల జనమే అనుకో, ఈ బేరాల్లోంచే ముదిరిందని నా అభిప్రాయం.

ఇప్పుడు పాపను బతికిద్దాం. పోలండ్, లిథువేనియా కలిసి ట్యూటానిక్ యోధుల్ని ఓడించిన గ్రున్‌వాల్డ్ యుద్ధం నాటికి, 1410లో, ఆమెకు పదకొండేళ్లు. పెళ్లి మాటలు మొదలయ్యే వయసు. ఏమై ఉండేదో ఊహించడానికి పెద్ద కష్టపడనక్కరలేదు, సవతి చెల్లెలి జీవితం ఉంది. ఆ రెండో యాద్విగాను 1413లో వారసురాలిగా ఒప్పుకున్నారు. 1421లో జర్మన్ సంస్థానం బ్రాండెన్‌బర్గ్ పాలకుడి కొడుకుతో నిశ్చయం చేసి, పిల్లవాణ్ణి పోలండ్‌కు రప్పించి అక్కడే పెంచారు. తమ్ముళ్లు పుట్టగానే ఆమెతో అవసరం తీరిపోయింది. 1431లో పెళ్లి కాకుండానే చనిపోతే, సవతి తల్లి విషం పెట్టించిందని పుకార్లు లేచాయి.

ఎలిజబెత్‌ను అలా పక్కకు నెట్టడం కుదరదు. స్వయంగా 'రాజు' అయిన తల్లి కూతురు. సోఫియా కొడుకులు పదిమంది పుట్టినా పోలండ్‌లో ఆమె తర్వాతే. ఇల్లరికానికి ఏ జర్మన్ రాకుమారుడో వచ్చేవాడు. మరి లిథువేనియా? అక్కడ అధికారమంతా యొగైలా చిన్నాన్న కొడుకు వితౌతాస్ చేతిలో ఉంది. ఆయన ఒక్కగానొక్క కూతురు మాస్కో రాజు భార్య. క్రాకోవ్ పిల్ల మొగుణ్ణి మా దొర అని అక్కడివాళ్లు ఎందుకంటారు? 1429లో లుత్స్క్ సమావేశంలో జర్మనీ రాజు సిగిస్మండ్, వితౌతాస్‌కు రాజకిరీటం ఇస్తానన్నాడు. పోలండ్ వాళ్లు అది చేరకుండా అడ్డుపడ్డారు. 1430 అక్టోబరు 27న ఆయన ఎదురుచూస్తూనే పోయాడు. నా ఊహలో ఆ కిరీటం చేరి ఉండేది. సోఫియా కొడుకులు లిథువేనియా రాజధాని విల్నియస్‌లో రాజులు, వాళ్ల అక్క క్రాకోవ్‌లో రాణి. తండ్రి పోయిన 1434 నాటికి రెండు ఇళ్లు, రెండు పొయ్యిలు.

నా వాదనలో ఒక చిల్లు ఉంది, నువ్వు పట్టుకునేలోపు నేనే చెబుతాను. ఎలిజబెత్‌ను లిథువేనియా రాకుమారుడికే ఇచ్చి ఉంటే? దగ్గర చుట్టరికానికి పోప్ అనుమతి కావాలి, అది సాధించుకోలేనిదేమీ కాదు. కానీ వరసగా రెండోసారి అటువైపు అల్లుడంటే క్రాకోవ్ ప్రభువులు ఒప్పుకునేవాళ్లని నేననుకోను. బేరం ఆడడానికి కొత్తవాడే మేలు కదా.

మీ యాగెలోనియన్ విశ్వవిద్యాలయం పేరు మారేదా అని కూడా అడిగావు. విశ్వవిద్యాలయం మాత్రం ఉండేది. యాద్విగా తన నగలు దానికి రాసిపోయింది, ఆ డబ్బుతో 1400లో దాన్ని మళ్లీ నిలబెట్టారు. యొగైలా వంశం పేరు దానికి తగిలించింది పందొమ్మిదో శతాబ్దంలో. నగలు ఆమెవి, పేరు ఆయన ఇంటివాళ్లది. మీ అమ్మ ఇది విని "అంతేగా మరి" అని లోపలికి వెళ్లిపోయింది.

ఈసారి వావెల్ వెళ్లినప్పుడు సమాధి దగ్గరే ఆగిపోకు. ఆమెతో పాటు పాతిపెట్టిన రాజదండమూ గోళమూ అక్కడే అద్దాల వెనక ఉంటాయట. బంగారం కాదు, కొయ్యవి, పైన పూత. ఆ పూత ఇంకా ఎక్కడైనా మిగిలి ఉందేమో చూసి రాయి.

ఉంటాను,
నాన్న