టెక్సస్ బడిలో స్పానిష్, మన బడిలో తెలుగు

సంపాదకులకు నమస్కారం.

ఇంగ్లిష్ మీడియం గురించి మీ పత్రికలో మొన్న వచ్చిన ఉత్తరాల్లో ఒకరు, ‘అమెరికాలో చదువంతా ఇంగ్లిష్‌లోనే, అందుకే వాళ్లు ముందున్నారు’ అని రాశారు. ముప్ఫై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని, ఆ మాట చదివాక ఊరుకోబుద్ధి కాలేదు. పోయిన ఏడాది ఆరు నెలలు టెక్సస్‌లో మా అమ్మాయి దగ్గర ఉండి వచ్చాను. అక్కడ నేను చూసింది వేరు.

మా మనవరాలు డాలస్ దగ్గర గవర్నమెంటు బడిలో ఒకటో తరగతి. వాళ్ల క్లాసులో సగంమంది ఇళ్లలో స్పానిషే మాట్లాడతారు. లెక్కలు ఇంగ్లిష్‌లో, సైన్సు స్పానిష్‌లో చెబుతారు. ఒకరోజు పెద్దవాళ్లను పిలిస్తే నేనూ వెళ్లాను. తలుపుకీ కిటికీకీ గడియారానికీ రెండేసి చీటీలు అంటించి ఉన్నాయి. ఇంగ్లిష్ పేరు నీలం సిరాతో, స్పానిష్ పేరు ఎర్ర సిరాతో. పిల్లల్ని జతలుగా కూర్చోబెట్టారు. మొక్క పాఠంలో మాట గుర్తురాక మా పిల్ల ఆగిపోతే, పక్కనున్న మెక్సికో పిల్లాడు బొమ్మలో వేరు మీద వేలు పెట్టి ‘రాయీస్’ అని అందించాడు. లెక్కల గంటలో వాడు తడబడితే మా పిల్ల అందుకుంది. ఇద్దరిలో ఎవరికీ నామోషీ లేదు.

ఇది ఊరికే రాలేదు. టెక్సస్‌లో 1918 నాటి చట్టం ప్రకారం ఇంగ్లిష్‌లో కాక మరో భాషలో పాఠం చెప్పడం అప్పట్లో టీచరుకు నేరంగా ఉండేది. మార్ఫా అనే చిన్న ఊళ్లో మెక్సికన్ పిల్లలకని వేరుగా పెట్టిన బ్లాక్‌వెల్ బడి ఉండేది. 1954లో అక్కడి పిల్లల చేత ‘స్పానిష్ మాట్లాడను’ అని కాగితాల మీద రాయించి, వాటిని పెట్టెలో పెట్టి, జెండా కర్ర దగ్గర పాతిపెట్టించారు. అమ్మ నేర్పిన మాటకు ఆ పిల్లల చేతే అంత్యక్రియలు చేయించారు. ఇప్పుడు అదే బడిని జాతీయ చారిత్రక స్థలంగా కాపాడుతున్నారు. ఇంగ్లిష్ రాని, ఒకే భాష పిల్లలు ఒక తరగతిలో 20 మంది ఉంటే ఆ విద్యా జిల్లా రెండు భాషల్లో చదువు చెప్పాల్సిందేనని టెక్సస్ 1973లోనే చట్టం చేసింది. కాలిఫోర్నియా 1998లో ప్రజల ఓటుతో ఇలాంటి చదువును దాదాపు మూసేసింది. 2016లో మళ్లీ ఓటింగ్ పెడితే నూటికి 73 మంది తెరవమన్నారు. 2025 మార్చిలో ఇంగ్లిష్‌ను అధికార భాషగా ప్రకటిస్తూ అమెరికా అధ్యక్షుడు ఉత్తర్వు ఇచ్చిన మాట నిజమే. టెక్సస్ చట్టం మాత్రం దాంతో రద్దు కాలేదు.

మార్ఫా సంగతి తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను పనిచేసిన ప్రైవేటు బడిలో తెలుగు మాట్లాడితే రూపాయి జరిమానా. వసూలు చేసినవాళ్లలో నేనూ ఉన్నాను. ఒకటో తరగతి పిల్లాడొకడు, ఒకటికి వెళ్తానని ఇంగ్లిష్‌లో అడగడం రాక, బెంచీ మీదే లాగు తడుపుకున్నాడు. వాడి ముఖం ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. 2009లో మైదుకూరులో ఓ బడిలో ‘తెలుగు మాట్లాడను’ అని రాసిన పలకలు పిల్లల మెడలో వేసిన వార్త మీ పాఠకులకు గుర్తుండే ఉంటుంది.

మన పిల్లలకు ఇంగ్లిష్ కావాలి, బాగా రావాలి. అందుకోసం తెలుగును గుమ్మం బయట నిలబెట్టనక్కర్లేదు. రెండు రాష్ట్రాల్లోనూ గవర్నమెంటు బడులకు ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్ ఉన్న పుస్తకాలు ఇస్తున్నారు. చాలా మంచి పని. కానీ మా వీధి పిల్లల పుస్తకాలు తిరగేస్తే ఇంగ్లిష్ పేజీలే నలిగి ఉన్నాయి, తెలుగు పేజీలు కొత్తగానే ఉన్నాయి. ఐదో తరగతి దాకా పరిసరాల విజ్ఞానం ఒక్కటైనా తెలుగులో చెప్పించాలని, పరీక్షలో పిల్లలు ఏ భాషలో జవాబు రాసినా మార్కులు వేయాలని, తెలుగు మాట్లాడినందుకు ఏ బడీ పైసా జరిమానా వేయకుండా ఉత్తర్వు ఇవ్వాలని రెండు ప్రభుత్వాల విద్యాశాఖలనూ కోరుతున్నాను.

– ఒక రిటైర్డ్ టీచరు, తెనాలి