పక్క మంచం దగ్గరి తమ్ముడికి

మోకాలికి శస్త్రచికిత్స జరిగి 11 రోజులైంది. కుట్లు ఇంకా విప్పలేదు, కూర్చుని రాసే ఓపికా లేదు. అయినా ఈ కృతజ్ఞతల మాట ఆలస్యం చేయదలచుకోలేదు.

విరిగింది మోకాలి చిప్ప కాదు. దాని కింద, తొడ ఎముక వచ్చి ఆనే చదునైన చోట ఎముక పగిలి లోపలికి కుంగిపోయింది. మొదట చూపించుకున్న చోట ఎక్స్‌రే తీసి, బెణుకన్నారు. పట్టీ చుట్టి ఇంటికి పంపారు. ఇలాంటి కుంగుబాటు ఒక్కోసారి ఎక్స్‌రేకు అందదని, ఎంత లోతుకు దిగిందో సీటీ స్కాన్‌లోనే సరిగ్గా తెలుస్తుందని తరవాత విన్నాను కనుక అది కనిపించలేదని నిందించను. కాలు మోపలేకపోతున్నానని మొత్తుకున్న మనిషిని కనీసం నాలుగు అడుగులు వేయించి చూడకపోవడం మాత్రం మింగుడుపడడం లేదు.

రెండో ఆసుపత్రిలో, వాపు దిగి చర్మం ముడతలు పడేదాకా కోయకూడదని చెప్పి మంచం మీద ఉంచారు. ఆ రెండో రాత్రి నొప్పి హద్దు దాటింది, మాత్రలకు లొంగలేదు. పక్క మంచం మీదున్న తల్లికి తోడుగా వచ్చిన ఒక కుర్రవాడు లేచి వచ్చి, నా కాలి వేళ్లను తాకి, "అక్కా, స్పర్శ తెలుస్తోందా?" అని అడిగాడు. మొద్దుబారాయన్నాను. అంతే, చెప్పులు కూడా వేసుకోకుండా డాక్టరు కోసం పరుగెత్తాడు. పిక్క కండరాల పొరల్లో ఒత్తిడి పెరిగితే రక్తం ఆడక, గంటల్లోనే కండరం చచ్చుబడుతుందట. డాక్టరు వచ్చి కట్టు కత్తిరించి, వేళ్లు సాగదీసి చూసి, తెల్లవార్లూ గంటగంటకూ పరీక్షించారు. అదృష్టవశాత్తు ముప్పు తప్పింది. అంతసేపూ ఆ అబ్బాయి తన తువ్వాలు మడిచి నా మడమ కింద పెట్టి, "మీరు కళ్లు మూసుకోండి, కాలు సంగతి నేను చూస్తాను" అంటూ స్టూలు మీదే కూర్చున్నాడు. నొప్పికి రాని ఏడుపు ఆ మాటకు వచ్చింది. మర్నాడు వాళ్లమ్మను ఇంటికి పంపేశారు. పేరైనా అడగలేదు.

మా వారు, పిల్లలు చేసింది వేరే చెప్పనక్కరలేదు.

కుంగిన ఎముకను పైకెత్తి, కింది ఖాళీని ఎముక ముక్కలతో నింపి, ప్లేటు బిగించారు. కొన్ని వారాల పాటు కాలు నేల మోపకూడదు, మోకాలు మాత్రం రోజూ వంచాలి, లేకపోతే బిగుసుకుపోతుంది. ఏడిపిస్తూనే వంచుతున్న ఫిజియోథెరపిస్టుకు వందనాలు. అన్నట్టు, సీటీ గదికి తీసుకెళ్లేటప్పుడు గడప దగ్గర స్ట్రెచర్‌ను కుదుపు లేకుండా ఎత్తి దాటించిన ఇద్దరు సిబ్బందిని మరిచిపోయాను, లిఫ్టు ఆపి ఉంచిన పెద్దాయనను కూడా.