టేపు డ్రైవు ఆర్డరులో కార్డు సంగతీ రాయాలి

సంపాదకులకు,

అయ్యా,

1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడే దాకా మా పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. అందువల్ల ఇక్కడి ఇళ్లలో తాతల నాటి తెలుగు దస్తావేజులు ఇప్పటికీ దొరుకుతాయి. అలాంటి కాగితాలను స్కాన్ చేసి భద్రపరిచే ఒక చిన్న సంస్థలో సర్వరు పని నేను చూస్తుంటాను. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను గజపతి జిల్లాను అతలాకుతలం చేసిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. కరెంటుతో, నెట్‌వర్కుతో సంబంధం లేకుండా బీరువాలో పెట్టుకోగల, వేరే ఊరికి పంపుకోగల నకలు ఒకటి ఉండాలన్న ఆలోచనతో మేము ఎల్‌టీవో టేపు డ్రైవు, అంటే క్యాసెట్ లాంటి అయస్కాంత టేపు మీద ఫైళ్లు రాసే యంత్రం, కొన్నాం.

సరఫరాదారు పంపిన మనిషి డ్రైవును సర్వరులో హార్డ్ డిస్కులను కలిపి నడపడానికి అప్పటికే ఉన్న రెయిడ్ కార్డుకు తగిలించి, పచ్చ లైటు వెలగడం చూపించి, ఇన్‌స్టలేషన్ రిపోర్టు మీద సంతకం తీసుకుని వెళ్లిపోయారు. సర్వరులో మాత్రం డ్రైవు జాడే లేదు. ఫోను చేస్తే, డ్రైవు మంచిదేనని, లోపం మీ సర్వరుదేనని జవాబు వచ్చింది. లైటు వెలిగిందంటే డ్రైవుకు కరెంటు అందుతోందని మాత్రమే అర్థం. డిస్కుల కోసం చేసిన ఈ రెయిడ్ కార్డుల్లో చాలావాటికి టేపు డ్రైవును ఆపరేటింగ్ సిస్టమ్‌కు చూపించే ఏర్పాటు ఉండదు. దానికి డ్రైవును సర్వరుకు నేరుగా కలిపే హెచ్‌బీఏ అనే వేరే కార్డు, ఆ రెంటినీ జోడించే, డ్రైవు సాకెట్‌కు సరిపోయే శాస్ రకం కేబులు కావాలి. అవి పెట్టించాక, మా సర్వరు ఆపరేటింగ్ సిస్టమ్ అయిన లినక్సులో, తగిలించిన డిస్కులు, డ్రైవుల జాబితా చూపే ఎల్‌ఎస్‌ఎస్‌సీఎస్‌ఐ (lsscsi) అన్న ఆదేశం కొట్టగానే డిస్కుల వరుస కింద 'టేప్' అన్న మాట కనబడింది.

కనబడిన తర్వాత కూడా జాగ్రత్త అవసరం. లినక్సు ఒకే డ్రైవుకు ఎస్‌టీ0, ఎన్‌ఎస్‌టీ0 అని రెండు పేర్లు ఇస్తుంది. మొదటి పేరుతో రాస్తే పని ముగియగానే టేపు మొదటికి చుట్టుకుంటుంది. రెండో పేరుతో రాస్తే ఆగిన చోటే ఉంటుంది. ఈ తేడా తెలియని వారు సోమవారం బ్యాకప్ మీదే మంగళవారం బ్యాకప్ రాసేసి, రెండూ ఉన్నాయన్న ధీమాతో ఉండిపోతారు. నా దృష్టిలో డ్రైవు కనబడకపోవడం కన్నా ఇదే పెద్ద ప్రమాదం, ఎందుకంటే టేపు అవసరపడే రోజు దాకా ఇది బయటపడదు.

విండోస్ సర్వరు వాడేవారి చిక్కు వేరు. డివైస్ మేనేజరులో డ్రైవు సక్రమంగా కనిపిస్తున్నా, 2008 వెర్షను నుంచి విండోస్‌తో వచ్చే బ్యాకప్ ప్రోగ్రాము టేపు మీద రాయదు కాబట్టి, టేపును వాడగల సాఫ్ట్‌వేరు విడిగా సమకూర్చుకోవాలి. టేపుల తరం కూడా చూసుకోవాలి: ఎల్‌టీవో-8 డ్రైవు ఎల్‌టీవో-7 టేపులను తీసుకుంటుంది గానీ ఎల్‌టీవో-6 టేపులను చదవలేదు.

ఇవన్నీ తెలిసిన ఇంజనీరు విశాఖపట్నం నుంచో భువనేశ్వర్ నుంచో రావలసిన పట్టణాలు మావి. ఒకసారి వెళ్లిన మనిషిని మళ్లీ రప్పించడం తేలిక కాదు. కనుక సరిహద్దు జిల్లాల్లోని బడులు, సహకార సంఘాలు, గ్రంథాలయాలు టేపు డ్రైవు కొనేటప్పుడు హెచ్‌బీఏ కార్డు, కేబులు, సాఫ్ట్‌వేరు కూడా ఆర్డరులోనే రాయించుకోవాలి. వచ్చిన మనిషి ఎదుటే టేపు మీద ఒక ఫోల్డరు రాయించి, సర్వరును ఆపి మళ్లీ వేయించి, ఆ ఫోల్డరును వేరొక చోటికి తిరిగి దింపించి, అందులోని ఒక దస్తావేజు తెరిచి చదువుకున్నాకే రిపోర్టు మీద సంతకం చేయాలని మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా